పేదవాని ఇల్లు: మరమ్మతు భారం ఎవరిది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. సామాన్యుని జీవితంలో ఈ రెండింటిని మించిన భారం లేదని వారి అనుభవం. కాని ఆ సామెత ఇల్లు కట్టడంతోనే ఆగిపోయింది. కట్టిన ఇంటిని ముప్పది నలుబది సంవత్సరాల పాటు ఎండకూ వానకూ చెదకూ అప్పగించకుండా నిలుపుకోవడం ఎంత కష్టమో అది చెప్పలేదు. ఇల్లు కట్టేనాడు బంధువులు చేయి కలుపుతారు, అప్పు పుడుతుంది, మనసులో ఉత్సాహం ఉంటుంది. అదే ఇంటి కప్పు కారేనాడు తోడు వచ్చేవారు అరుదు. ఆ వేళకు కట్టినవాడు వృద్ధుడై ఉంటాడు. లేదా అతని భార్య వితంతువై, ఉన్న ఒక్క గదిలో మంచాన్ని ఒక మూలనుండి మరొక మూలకు జరుపుకుంటూ వానాకాలం వెళ్ళబుచ్చుతూ ఉంటుంది.

మరమ్మతు అనే మాట ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక్కటే. దరఖాస్తు, మంజూరు, ఖర్చు, ఖజానా అనే మాటలూ అంతే. మన కళాశాలలో రెండు మాధ్యమాలలో చదివే విద్యార్థులు ఈ ఒక్క విషయాన్ని గూర్చి అనువాదం అవసరం లేకుండానే మాట్లాడుకోవచ్చు. విచారింపదగిన సంగతి ఏమంటే, మన ప్రభుత్వాల గృహనిర్మాణ పథకాలలో దరఖాస్తు ఉన్నది, మంజూరు ఉన్నది, ఖజానా ఉన్నది. మరమ్మతు ఒక్కటే కానరాదు. ఈ లోపాన్ని గురించి ఆలోచించవలసిందిగా విద్యార్థి మిత్రులనూ, కళాశాల కార్యవర్గం వారినీ కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రభుత్వ దృష్టిలో పేదలు రెండే తరగతులు. ఇల్లు లేనివారు ఒక తరగతి, ఇల్లు ఉన్నవారు మరొక తరగతి. మొదటివారికి ఇల్లు ఇవ్వవలెను. రెండవవారి సమస్య తీరిపోయినట్లే. కాని వీరిరువురి మధ్య మూడవ తరగతి ఒకటి కలదు. పేరుకు వారు గృహస్థులు. తండ్రి తాతల నాటి పెంకుటిల్లో, మట్టి మిద్దెయో, ఎప్పుడో ప్రభుత్వమే మంజూరు చేసిన శ్లాబు ఇల్లో వారికి ఉంటుంది. అద్దె కట్టనక్కర లేదు గనుక లోకం వారిని అదృష్టవంతులనుకుంటుంది. కాని ఆ ఇంటి దూలం చెదపట్టింది, గోడ బీటలు వారింది, కప్పు లోపల ఇనుము తుప్పుపట్టింది. బాగు చేయించుకునే స్తోమత వారికి లేదు; సహాయం కోరే అర్హత అంతకన్నా లేదు. ఇల్లు ఉన్నదన్న కారణమే వారికి శాపమైనది.

ఇల్లు ఒక్కనాడు కూలదు. పెంకుటింట మొదట ఒక పెంకు జరుగుతుంది. ఆ సందున దిగిన నీరు వాసాన్ని తడుపుతుంది. తడిసిన కర్రకు చెద పడుతుంది. వాసం వంగితే పది పెంకులు జారుతాయి. శ్లాబు ఇంట కథ మరొక విధం. కప్పు మీది సన్నని పగుళ్ళ గుండా నీరు దిగి ఇనుప ఊచలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, దాని ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. గోడ పగులులో మొలచిన రావి మొక్కను చిన్ననాడే పెరికివేస్తే ఖర్చు లేదు. వేరు గోడలోనికి దిగిన తరువాత గోడను విప్పి కట్టవలసి వస్తుంది. ప్రతి దశలోనూ ఖర్చు ముందటి దశకు ఎన్నో రెట్లు. ధనికుడు మొదటి దశలోనే మేస్త్రీని పిలుస్తాడు. పేదవాడు గోనెపట్టానో ప్లాస్టిక్ కాగితాన్నో కప్పి చివరి దశ వరకు నిరీక్షిస్తాడు. అందువల్ల పేదవానికే మరమ్మతు అత్యంత ఖరీదైనదిగా పరిణమిస్తున్నది.

ఇది ఏ కొద్దిమంది సమస్యో అనుకోరాదు. 2011 జనగణనలో మన దేశపు నివాస గృహాలలో నూటికి సుమారు 53 మాత్రమే మంచి స్థితిలో ఉన్నట్లు తేలింది. నూటికి 41 పైచిలుకు నివాసయోగ్యమైనవి మాత్రమే. నూటికి ఐదుకు పైగా శిథిలావస్థలో ఉన్నవి. నివాసయోగ్యం అన్న మాటకు అర్థం ఏమి? చిన్న మరమ్మతులు కావలసి ఉన్నవని. ఆ చిన్న మరమ్మతులు జరగకపోతే అవే ఇళ్ళు తరువాతి గణనలో శిథిలాల జాబితాకు చేరుతాయి. పట్టణాలలో గృహాల కొరతను అంచనా వేయడానికి ఆచార్య అమితాబ్ కుండూ అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం మొత్తం కొరత 1 కోటి 87 లక్షల 80 వేల ఇళ్ళు. ఇందులో బొత్తిగా ఇల్లు లేని కుటుంబాల లెక్క 5 లక్షల 30 వేలు. పాతబడి పనికిరాని స్థితికి వచ్చిన ఇళ్ళు 22 లక్షల 70 వేలు. అనగా ఇల్లు లేనివారికన్నా, ఇల్లు ఉండీ అది పాతబడి కొరత లెక్కకు ఎక్కినవారు నాలుగు రెట్లకు పైగా ఉన్నారు. మిగిలినవారిలో అత్యధికులు ఇరుకైన ఇళ్ళలో కిక్కిరిసి ఉన్నవారే. ఈ లెక్కలను చూచిన పిదప కూడా గృహ సమస్య అంటే కొత్త ఇళ్ళు కట్టడమే అని భావించడం సబబు కాదు.

ఇప్పుడున్న పథకాల సంగతి చూద్దాము. 2016లో అమలులోనికి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగం మైదాన ప్రాంతాలలో ఇంటికి 1,20,000 రూపాయలు ఇస్తుంది. అది ఇల్లు లేనివారికీ, కచ్చా ఇళ్ళలో ఉన్నవారికీ కొత్త పక్కా ఇల్లు కట్టుకొనుటకు ఉద్దేశించినది. 2015లో మొదలైన పట్టణ విభాగపు మొదటి దశలో ఉన్న ఇంటిని పెంచుకొనుటకు సహాయం ఉండేది గాని, దానికి కనీసం 9 చదరపు మీటర్ల కొత్త కట్టడం చేర్చవలెనని నియమం ఉండేది. పడిపోవుచున్న పాత గదిని నిలబెట్టుటకు సహాయం లేదు. దాని ప్రక్కన కొత్త గది కట్టుకుంటే ఉండేది. పైగా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. 2024లో వచ్చిన రెండవ దశలో, గడచిన 20 సంవత్సరాలలో ఏ గృహ పథకం క్రిందనైనా లబ్ధి పొందినవారు అనర్హులు. తెలంగాణలో 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత స్థలం గల పేదలకు 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తున్నది. అది ఉదారమైన మొత్తమే. కాని అదియును కొత్త ఇంటికే.

ఈ పథకాలను నేను తక్కువ చేయడం లేదు. గుడిసెలో పుట్టి గుడిసెలో పెరిగిన బిడ్డకు గోడలున్న ఇల్లు ఎంత గౌరవాన్ని ఇస్తుందో మనలో అనేకులకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన నాటి నుండి బలహీన వర్గాల కాలనీలు లక్షలాది కుటుంబాలకు నీడనిచ్చాయి. కాని ఆనాడు తక్కువ ఖర్చుతో లేచిన ఆ గోడలకు ఇప్పుడు నలుబది ఏండ్లు. ప్రభుత్వం ఇల్లు ఇచ్చినది. ఇంటికి ఆయుష్షు ఉంటుందని మాత్రం మరచినది. రహదారి వేసిన ప్రభుత్వం గుంటలు పూడ్చడానికి పద్దు వ్రాసుకుంటుంది. చెరువు త్రవ్వించిన ప్రభుత్వం పూడిక తీయడానికి పద్దు వ్రాసుకుంటుంది. పేదవానికి కట్టించిన ఇంటికి అట్టి పద్దు ఎందుకు ఉండరాదు?

ఇక నగరాల విషయం. హైదరాబాదు నగరంలో ప్రతి సంవత్సరం వానలకు ముందు శిథిల భవనాలను గుర్తించి నగరపాలక సంస్థవారు నోటీసులు అంటిస్తారు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షను వారికి ఈ అధికారాన్ని ఇచ్చింది. కూలిపోయేటట్లున్న కట్టడాన్ని తొలగించవలెను, లేదా మరమ్మతు చేయించవలెను, లేదా ఖాళీ చేయవలెను. ప్రాణరక్షణకు ఈ చట్టం అవసరమే, దానిని కాదనలేము. కాని నోటీసు అందుకున్న గాజుల కార్మికుని, జరీ పనివాని పరిస్థితి ఏమి? మరమ్మతు చేయించుమని చట్టం ఆజ్ఞాపిస్తుంది. డబ్బు ఎక్కడిదో చెప్పదు. ఖాళీ చేయుమని చెబుతుంది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పదు. ఆ నోటీసు గోడకు అంటి ఉండగానే ఆ కుటుంబం ఆ గోడ క్రిందనే నిద్రిస్తుంది. ఆజ్ఞతో పాటు ఆసరా కూడా ఉన్నప్పుడే అది ప్రజాసంక్షేమ చట్టం అనిపించుకుంటుంది.

మన వ్యవస్థలోని మరొక విచిత్రాన్ని గమనించండి. ఇల్లు కూలిన తరువాత సహాయం ఉన్నది. 2022 నుండి 2026 వరకు కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం వరద వంటి విపత్తులో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. పాక్షికంగా, అనగా కనీసం నూటికి 15 వంతులు దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. ఈ రెండు మొత్తాల మధ్య అంతరం చూడండి. నాలుగు వేల రూపాయలతో ఈనాడు ఒక గోడను విప్పి కట్టడం సాధ్యమా? సిమెంటు బస్తాలకూ ఇసుకకూ మేస్త్రీ కూలికీ కలిపి అది ఎన్ని దినాలకు వస్తుంది? సగం కూలిన ఇంటికి నాలుగు వేలు, మొత్తం కూలితే లక్షా ఇరువది వేలు అన్నప్పుడు, ప్రభుత్వమే పేదవానితో "మొత్తం కూలనివ్వు" అని చెబుతున్నట్లు కాదా? ఆ కూలే సమయాన లోపల ఎవరున్నారన్న ప్రశ్నకు మాత్రం ఏ నిబంధనలోనూ సమాధానం లేదు.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వరదలు ఇంకా మన జ్ఞాపకంలో ఉన్నవి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ముంపునకు గురైన ఇంటికి 10,000 రూపాయలు, పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి లక్ష, పాక్షికంగా దెబ్బతిన్న దానికి 50,000 రూపాయలు ప్రకటించింది. కేంద్ర నిబంధనలతో పోల్చిన ఇది మెరుగే. కాని పది వేల సహాయం కొరకు జనం బారులు తీరి నిలిచిన రోజులలోనే, నవంబరులో, నగరపాలక ఎన్నికల కారణంగా ఆ పంపిణీ మధ్యలో నిలిచిపోయింది. విపత్తు వచ్చినప్పుడు ప్రకటించే సహాయం దయ వంటిది. అది వస్తుంది, ఆగుతుంది. ఏటేటా బడ్జెటులో ఉండే మరమ్మతు పద్దు హక్కు వంటిది. పేదవానికి కావలసినది ఈ రెండవదే.

మరమ్మతుకు సహాయం అసాధ్యమనీ, ఎన్నడూ లేదనీ అనుకోవద్దు. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో ఆరంభమై, 1996లో స్వతంత్ర పథకమైనది. 1999-2000 నుండి ఆ నిధులలో నూటికి 20 వంతులు పాత కచ్చా ఇళ్ళను బాగుచేయుటకు కేటాయించారు. అయితే ఆ సత్సంకల్పాన్ని రూపాయి విలువ తినివేసింది. 2008లో కొత్త ఇంటికి మైదాన ప్రాంతంలో 35,000 రూపాయలు, బాగుచేయుటకు 15,000 రూపాయలు ఇచ్చేవారు. 2013 నాటికి కొత్త ఇంటి సొమ్ము 70,000 అయింది. బాగుచేసే సొమ్ము అదే 15,000 వద్ద నిలిచిపోయింది. 2016లో పథకం మారినప్పుడు ఆ నూటికి 20 వంతుల కేటాయింపు కూడా పోయింది. ఉన్న వాకిలి మూసివేసి, మూసివేసినట్లు కూడా ఎవరూ చెప్పలేదు.

ఇతర రాష్ట్రాలలో ఏమి జరుగుచున్నదో తెలుసుకోవడం మనకు ఉపకరిస్తుంది. కేరళలో మైనారిటీ సంక్షేమ శాఖవారు ఇంబిచ్చి బావ పేరిట ఒక పథకం నడుపుతున్నారు. ముస్లిం, క్రైస్తవ, బౌద్ధ, సిక్కు, పార్సీ, జైన వర్గాలకు చెందిన వితంతువులకు, విడాకులు పొందినవారికి, భర్త విడిచిపెట్టిన స్త్రీలకు ఇంటి మరమ్మతు కొరకు 50,000 రూపాయలు ఇస్తారు. తిరిగి చెల్లించనక్కర లేదు. కప్పు, తలుపులు, కిటికీలు, నేల, నీటి గొట్టాలు, మరుగుదొడ్డి, విద్యుత్తు పనులు, వీటిలో దేనికైనా ఉపయోగించవచ్చు. ఇల్లు 1,200 చదరపు అడుగులకు మించరాదన్న నియమంతో కలవారిని దూరంగా ఉంచారు. హర్యానాలో డాక్టర్ అంబేద్కర్ పేరిట ఉన్న పథకం మొదట షెడ్యూల్డు కులాలవారికి, తరువాత దారిద్ర్యరేఖకు దిగువనున్న అందరికీ వర్తించింది. పది సంవత్సరాలు దాటిన ఇంటి మరమ్మతుకు 80,000 రూపాయలు ఇస్తారు. తమిళనాడు ప్రభుత్వం 2024లో, లోగడ ప్రభుత్వ పథకాల క్రింద గ్రామాలలో కట్టిన పాత ఇళ్ళను, లక్షల సంఖ్యలో, మరమ్మతు చేయించే కార్యక్రమాన్ని చేపట్టింది. ఇవి మన పొరుగువారు చేసినవే. మనవారికి మాత్రం చేతకానివి కావు.

సంపన్న దేశమైన అమెరికాలో కూడా ఈ అవసరాన్ని గుర్తించారు. 1949 నాటి గృహ చట్టం 504వ సెక్షను క్రింద గ్రామీణ ప్రాంతాలలో అతి తక్కువ ఆదాయం గల ఇంటి యజమానులకు నూటికి ఒక రూపాయి వంటి నామమాత్రపు వడ్డీతో ఇరువది ఏండ్లలో తీర్చే అప్పు ఇస్తారు. అప్పు తీర్చలేని, 62 ఏండ్లు నిండిన వృద్ధులకు ఇంటిలోని ప్రమాదాలను తొలగించుకొనుటకు 10,000 డాలర్ల వరకు గ్రాంటు ఇస్తారు. ఆ ఇంటిని మూడు సంవత్సరాలలోపు అమ్మితే గ్రాంటు తిరిగి కట్టవలెను. సహాయాన్ని వ్యాపారంగా మార్చుకునేవారికి అడ్డుకట్ట వేసే ఈ చిన్న షరతు మనకు అనుసరింపదగినది.

ఈ వాదానికి సహజంగా కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: ఇల్లు లేనివారు ఇందరుండగా ఇల్లు ఉన్నవారికి సొమ్ము ఇవ్వడం న్యాయమా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. లెక్క వేసి చూద్దాము. ఇంటికి 5 లక్షల చొప్పున 100 కొత్త ఇళ్ళకు 5 కోట్ల రూపాయలు కావలెను. అందులో పూర్వపు ఇందిరా ఆవాస్ వలె నూటికి 20 వంతులు, అనగా కోటి రూపాయలు, మరమ్మతుకు కేటాయిస్తే ఇంటికి 50,000 చొప్పున 200 ఇళ్ళు బాగుపడతాయి. కొత్త ఇళ్ళు 100కు బదులు 80 అవుతాయి. ఆ ఇరువది కుటుంబాలు మరికొంత కాలం వేచి ఉండవలసి వస్తుంది. ఇది నష్టమే, దీనిని దాచరాదు. కాని బాగుపడని ఆ 200 ఇళ్ళు కూలిననాడు ఆ 200 కుటుంబాలూ అదే బారులో వచ్చి నిలుస్తాయి. అప్పుడు వేచి ఉండవలసిన కాలం ఇంకా పెరుగుతుంది. కనుక మరమ్మతు సహాయం ఇల్లు లేనివారికి పోటీ కాదు; వారి సంఖ్య పెరగకుండా ఆపే ఆనకట్ట.

రెండవ అభ్యంతరం: మరమ్మతు కొలతకు అందదు, సున్నం కొట్టి సొమ్ము కాజేస్తారు. ఈ భయం నిరాధారం కాదు. కాని కొత్త ఇళ్ళలో ఇట్టి మోసాలు జరగలేదా? జరిగిన పిదపనే గదా పునాది, గోడలు, కప్పు అని దశలుగా ఛాయాచిత్రాలు తీసి, స్థలాన్ని యంత్రంతో గుర్తించి, సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి వచ్చింది! అదే పద్ధతి మరమ్మతుకూ చాలు. పనికి ముందు ఒక చిత్రం, తరువాత ఒక చిత్రం. సగం సొమ్ము సామాను కొరకు ముందుగా, మిగిలినది పని ముగిసిన మీదట. పైగా అనుమతించే పనుల పట్టిక చిన్నదిగా ఉండవలెను: కప్పు, గోడ, మరుగుదొడ్డి, విద్యుత్తు తీగలు. రంగులకూ అలంకారాలకూ అందులో చోటు ఉండరాదు. ఎవరెవరికి ఎంత మంజూరైనదో బస్తీ కూడలిలో ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి పెట్టినచో, మోసాన్ని పట్టుకోవడంలో ఇరుగుపొరుగు కన్నులను మించిన తనిఖీ అధికారి లేడు.

మూడవ అభ్యంతరం: గ్రాంటు ఎందుకు, అప్పు ఇస్తే చాలదా? స్థిరమైన సంపాదన ఉన్నవారికి అప్పు చాలును. కాని బ్యాంకు అడిగేది రెండు: ఆదాయ పత్రం, ఆస్తి పత్రం. ఇంటిలో కూర్చుండి బీడీలు చుట్టే స్త్రీకి మొదటిది లేదు. అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఇంటికి రెండవది లేదు. మతవిశ్వాసం చేత వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలూ మనలో ఉన్నవి. మిగిలేది వీధి చివరి వడ్డీ వ్యాపారి. అతని దగ్గర తెచ్చిన అప్పుతో కప్పు నిలుస్తుంది గాని కాపురం నిలవదు. కనుక చెల్లించగలవారికి వడ్డీలేని అప్పు, చెల్లించలేని వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు గ్రాంటు అని విభజించడం ఉచితం.

అసలు చిక్కు ఆస్తి పత్రం దగ్గర ఉన్నది. దీనిని ప్రత్యేకంగా చెప్పవలెను. తాత పేరిట ఉన్న ఇల్లు తండ్రి పేరిటికి మారలేదు, తండ్రి గతించాడు, చిన్నాన్నలు, మేనత్తలు, వారి సంతానం వేర్వేరు ఊళ్ళలో ఉన్నారు. వారసత్వపు వాటాలు ధర్మశాస్త్రం ప్రకారం స్పష్టమే అయినా కాగితం మీద తేలలేదు. కొందరి చేత నోటరీ పత్రం మాత్రమే ఉన్నది. గ్రామకంఠం భూములలో తరతరాలుగా ఉన్నవారికి పత్రమే లేదు. గ్రామాల ఇళ్ళ స్థలాలను కొలిచి పత్రాలు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ఆరంభించింది గాని, పట్టణపు పాత బస్తీలకు అది వర్తించదు. కొత్త ఇంటికి లక్షలు ఇచ్చేటప్పుడు హక్కు పత్రం అడగడంలో అర్థమున్నది. కారే కప్పును ఆపడానికి యాభై వేలు ఇచ్చేటప్పుడు అంతటి పత్రం అవసరం లేదు. విద్యుత్తు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఓటరు జాబితా, తోటి వారసుల సమ్మతి పత్రం చాలునని నిర్ణయించవచ్చు. ఈ సహాయం వల్ల ఎవరి హక్కూ పెరగదు, ఎవరి హక్కూ తరగదు అని ఒక్క వాక్యం వ్రాసుకుంటే వివాదాలకు తావుండదు. ఆ ఒక్క వాక్యం వ్రాయనందువల్ల ఎన్నో ఇళ్ళు పత్రాల కొరకు నిరీక్షిస్తూ నేలమట్టమవుతున్నవి.

అల్పసంఖ్యాక వర్గాలకు ఈ విషయంలో ఒక ప్రత్యేక కోణం ఉన్నది. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో, ఇందిరా ఆవాస్ వంటి పథకాల లక్ష్యాలలో సాధ్యమైనంత వరకు నూటికి 15 వంతులు మైనారిటీ పేదలకు చేరవలెనని ఆశించారు. కాని కొత్త ఇంటికి కావలసినది ఖాళీ స్థలం. పాత నగరాల ఇరుకు గల్లీలలో తరతరాలుగా ఉన్న కుటుంబాలకు ఖాళీ స్థలం ఎక్కడిది? వారికి ఉన్నది ఆ పాత ఇల్లే. ఊరి వెలుపల కట్టిన ఇంటికి వెళ్ళమంటే, ఇంటినే కార్ఖానాగా చేసుకుని గాజులు, అగరువత్తులు, జరీ పనితో బ్రతికే స్త్రీల జీవనోపాధి పోతుంది. నేతగాని మగ్గం గుంట సంగతీ ఇంతే; మగ్గం ఉన్న గది కారితే పోయేది కప్పు ఒక్కటే కాదు, పోగు తడిసి ఆ నెల సంపాదన కూడా. కాబట్టి ఇట్టివారి విషయంలో ఇంటి మరమ్మతు ఒకేసారి గృహ సహాయం, వృత్తి సహాయం కూడా. హిందువైనా ముస్లిమైనా, పాత ఇంటి పేదవానికి కప్పు కారే తీరు ఒక్కటే. ఒక వర్గానికని కాక, అవసరానికని ఈ సహాయం ఏర్పడినప్పుడు అల్పసంఖ్యాకులకు తమ న్యాయమైన వాటా తనంతట తానే చేరుతుంది.

ప్రభుత్వానికి విన్నవించదలచినవి కొద్ది మాటలు. గృహనిర్మాణ నిధులలో మరమ్మతుకు ఒక స్థిరమైన వంతును ప్రత్యేక పద్దుగా ఉంచవలెను. ఆ మొత్తాన్ని సామాను ధరలననుసరించి ప్రతి సంవత్సరం సవరించవలెను. లేనిచో పదిహేను వేల కథ పునరావృతమవుతుంది. వృద్ధులకు, ఒంటరి స్త్రీలకు, వికలాంగులకు ప్రథమ స్థానం ఇవ్వవలెను. శిథిల భవనమని నోటీసు ఇచ్చిన ప్రతి పేద కుటుంబానికీ ఆ నోటీసుతో పాటే సహాయపు దరఖాస్తును కూడా అందించవలెను. తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాష గనుక ఆ దరఖాస్తు రెండు భాషలలో ఉండవలెను. అన్నిటికన్నా ముఖ్యం కాలం. చలికాలంలో దరఖాస్తులు తీసుకుని, మార్చి నాటికి సొమ్ము ఇచ్చి, మృగశిర కార్తె రాకముందే పని ముగిసేటట్లు చూడవలెను. శ్రావణంలో మంజూరైన సొమ్ము ఆషాఢంలో కూలిన గోడకు పనికిరాదు.

ప్రభుత్వం చేసేవరకు మనం చేతులు కట్టుకొని ఉండవలెనా? అక్కరలేదు. జాతీయ సేవా పథకం 1969లో పుట్టినది విద్యార్థి చేతులను సమాజానికి అప్పగించడానికే. మన విద్యార్థులు తమ సొంత మొహల్లాలో, తమ సొంత ఊరిలో, కప్పు కారే ఇళ్ళు ఎన్ని, గోడ బీటలు వారినవి ఎన్ని, వాటిలో ఒంటరి వృద్ధులు ఉన్నవి ఎన్ని అని ఒక సెలవుల్లో లెక్క తీయవచ్చు. గోడ ఎక్కవద్దు, పని తెలియని మరమ్మతుకు పూనుకోవద్దు; అది మేస్త్రీ విద్య. మన విద్య వ్రాత. నోటీసు చదివి అర్థం చెప్పడం, ఇంటి పన్ను రసీదు వెతికి తీయడం, వారసుల సమ్మతి పత్రం వ్రాయించడం, ఉర్దూ మాత్రమే తెలిసిన అమ్మమ్మకు తెలుగు ఫారం నింపి ఇవ్వడం, ఇవి మనకు చేతనైన పనులు. ఇంజనీరింగు చదివే మిత్రులు దొరికితే ఖర్చు అంచనా కూడా వేయవచ్చు. కళాశాల కార్యవర్గం వారు వారానికి ఒక సాయంత్రం ఒక గదిని, ఒక బల్లను, ఒక అధ్యాపకుని పర్యవేక్షణను ఇందుకు కేటాయించినచో, ఏడాది తిరిగేసరికి ఈ పట్టణంలో మరమ్మతు కావలసిన పేద ఇళ్ళ జాబితా ఒకటి మన చేత ఉంటుంది. శాసనసభ్యుని వద్దకైనా, కలెక్టరు వద్దకైనా ఉపన్యాసంతో వెళ్ళినవాని కన్నా జాబితాతో వెళ్ళినవాని మాటకు విలువ ఎక్కువ.

చదువుకున్నవాడు తన ఇల్లు దిద్దుకోవడం సహజం. పొరుగువాని కప్పు వైపు కూడా తల ఎత్తి చూచినప్పుడే ఆ చదువుకు సార్థకత. ఈ సంవత్సరపు వానలకు ఇంకా వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిలో లెక్క మొదలు పెట్టవలసిందిగా మిత్రులను కోరుతూ, కార్యవర్గం వారి సహకారం లభింపగలదని ఆశిస్తున్నాను.